మూల నల్లబడిన కార్డు

ఆ ఆదివారం పొద్దున నాచారంలోని ఆ ఇంట్లో ఉన్నది నలుగురే. గడ్డం గీసుకుంటున్న గంగాధరరావు, చేటలో బియ్యం ఏరుతున్న ఆయన భార్య కమలకుమారి, వెనక గదిలో ఒంటరిగా అద్దెకుంటూ మిల్లు పనికి పోయే శాంతాబాయి, చదువుకోవడానికి ఊరి నుంచి వచ్చి ఆర్నెల్లయినా గట్టిగా నోరు విప్పని మేనకోడలు సత్యవేణి.

ఐదో మనిషి ఏడ్చుకుంటూ వచ్చింది. శాంతాబాయి తల్లి. "నన్నిడిసి పోయినవా బిడ్డా!" అని ఒంటిచేత్తో గుండెలు బాదుకుంటోంది. రెండో చెయ్యి ఉప్పల్‌లో బస్సు దిగే తొందరలో పడి విరిగింది. వెనక కొడుకు దామోదర్, అతని చంకలో కొత్త చీర. పోయిన ఆడబిడ్డ మీద పుట్టింటివాళ్లు కప్పే చీర.

శాంతాబాయి సబ్బు నురగ చేతులతో బయటికొచ్చింది. ఆమెను చూసి తల్లి కూలబడిపోయింది.

"ఎవరు సచ్చిన్రే అవ్వా?" అంది శాంతాబాయి.

"నువ్వే! కార్డొచ్చింది గద, మూల నల్లగ జేసి!" దామోదర్ అరిచాడు.

చావు కబురు కార్డుకు మూలన నల్లసిరా పూస్తారు. దాన్ని గడప లోపలికి రానివ్వరు, అక్కడికక్కడే చింపేస్తారు. శాంతాబాయి పుట్టింట్లో అక్షరం ముక్క వచ్చినవాళ్లు లేరు. మూల చూశారు, చింపారు, బయల్దేరారు. అందులో ఉన్నదల్లా, "క్షేమంగా ఉన్నాను, దసరాకు వస్తాను." శాంతాబాయి చెబితే రాసింది సత్యవేణి.

"ఏందే వేణీ, బతికున్న మనిషిని సంపినవా? గిదేనా మీ ఊరిబడి సదువు?" అన్నాడు మామయ్య, సగం గడ్డంతో.

"నాకు తెల్వదు. పోస్టుల పడ్డదేమో మరక" అని గొణిగి సత్యవేణి లోపలికి పోయి డైరీ తెరిచింది.

పాళీ విరిగేంత కోపంగా రాసింది. చదవకుండా చింపిన దామోదర్‌ది తప్పు. కారే పెన్ను ఇచ్చిన మామయ్యది తప్పు. అందరి ముందూ తన బడిని తిట్టడం ఇంకా తప్పు. "మరక ఎప్పుడు పడిందో నాకు తెలియదు" అని రాసేసరికి చెయ్యి ఆగిపోయింది. ఈ పుస్తకం ఎవరూ చదవరు. మరి అబద్ధం ఎవరికి చెబుతోంది?

మరక తన కళ్లముందే పడింది. వేలితో తుడిస్తే మూలంతా పాకింది. దాని అర్థం ఊళ్లో పుట్టిన పిల్లకు ఒకరు చెప్పాలా? ఇంకో కార్డు కావాలంటే మామయ్యను అడగాలి, ఆయన నవ్వుతాడు. ఆ నవ్వుకు జడిసి, కార్డును బోర్లించి పట్టుకుపోయి పోస్టు డబ్బాలో వేసింది. పాపం సిగ్గరి పిల్ల అని అందరూ ముద్దుగా అనేది దీన్నే! ఒళ్లు మండిపోయింది, ఈసారి తన మీద తనకే. రాసినదంతా కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాసింది. రాసుకుంటే సరిపోదని కూడా తెలిసింది.

సాయంత్రం దవాఖానా నుంచి శాంతాబాయి వాళ్లు తిరిగొచ్చాక సత్యవేణి వెనక గది గడప దగ్గర నిలబడింది.

"శాంతక్కా, మరక నేను సూసిన. సూసే ఏసిన."

తల్లికి గంజి తాగిస్తున్న శాంతాబాయి గిన్నె కింద పెట్టింది. "పొద్దుగాల తెల్వదంటివి?"

"అబద్ధం జెప్పిన. ఇంకో కార్డు అడగనీకి సిగ్గయింది."

"సిగ్గా! నీ సిగ్గుకు మా అవ్వ చెయ్యి ఇరగాల్నా? అంతమంది మొగోళ్ల నడుమ మిల్లుల పని జేస్తున్న, నాకు లేదా సిగ్గు?"

"పోనీ తియ్యక్కా, చిన్నపిల్ల. వచ్చి ఒప్పుకున్నది గద" అన్నాడు దామోదర్.

"నువ్వు నోర్ముయ్. సదివియ్యకుండ సింపినోనివి!"

సత్యవేణికి మళ్లీ కోపం తన్నుకొచ్చింది. నిజం చెబితే ఎదుటివాళ్ల మనసు కరుగుతుందని బడిలో పంతులు చెప్పాడు. ఆయన ఎప్పుడైనా ఇలాంటి గడప దగ్గర నిలబడి చెప్పి చూశాడా? అయినా కదల్లేదు.

"అవ్వ చెయ్యి బాగయ్యేదాక మీ నీళ్లు నేను మోస్త" అంది, పొద్దుటికన్నా గట్టిగా.

శాంతాబాయి లేచి వచ్చింది.

"నీ నీళ్లు మాకొద్దు, పో" అని మొహం మీదే తలుపు వేసేసింది.