పళ్ల గాట్లు

టెనర్ సాక్సఫోన్ వాయించే పెద్దాయన, బావమరిది వారం వాడుకుని తిరిగిచ్చిన, నోట పెట్టుకుని ఊదే మౌత్‌పీస్‌ను గుచ్చి గుచ్చి చూశాడు. నలభై ఏళ్లనాటి నల్ల రబ్బరు, అదే ముద్ర. ఊదితే స్వరం మాత్రం పలచబడింది.

“మార్చేశావు కదా?”

“నీ మీద ఒట్టు బావా! నాదీ ఆ కాలం నాటిదే, ఇదిగో. పక్కపక్కన పెట్టి చూసుకో.”

చూపుకు కవలలే. ఒట్టును ఆయన సాక్ష్యంగా లెక్కించలేదు. ఏళ్ల తరబడి పై పళ్లు ఆనిన చోట పడ్డ గాట్లే నమ్మదగ్గవి. రెండింటినీ నోట పెట్టి చూశాడు. బావమరిది దాని గాట్లలో పళ్లు కుదురుకోలేదు. తిరిగొచ్చినదాని గాటులో మాత్రం ఆయన వంకర పన్ను, పాత చెప్పులో కాలు దూరినట్టు దిగింది.

“దొంగ దొరికాడా బావా?”

“నాలోనే ఉన్నట్టున్నాడు. ఇప్పుడు నా ఊపిరి మీద అనుమానం. రేపు డాక్టరు దగ్గరికి తోడు రా.”