రెండు ప్రకటనలు

రంగుల ఫ్యాక్టరీ తరఫున పేపర్లవాళ్లకీ టీవీలవాళ్లకీ జవాబు చెప్పే ఉద్యోగం ఆమెది. ఆఫీసులో అందరూ ప్రకటనమ్మ అంటారు. అక్క మొగుడు అదే ఫ్యాక్టరీలో బాయిలర్ ఫోర్‌మన్. "మరదలా, నువ్వు రాస్తే చచ్చిన గుర్రం కూడా కాస్త నడుం వాల్చినట్టుంటుంది," అని ఆటపట్టించేవాడు. మొన్న అన్నం తింటూ, "వాల్వు కారుతోందని మొత్తుకుంటున్నా, వినే నాథుడు లేడు," అన్నాడు. "అది నా శాఖ కాదు బావా," అంది.

ఈ పొద్దున బాయిలర్ పేలింది. బావకి నడుం కింద అంతా కాలిపోయింది.

"రెండూ రాసిపెట్టు," అన్నాడు మేనేజరు. "బతికితే ఒకటి, పోతే ఒకటి. నీవల్ల కాకపోతే చెప్పు."

"రాస్తాను సార్."

రాసింది. ఏడుపు రాలేదు. వేళ్లు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి. బతికితే ఇచ్చేది నాలుగు ముక్కల్లో తేల్చేసి, పోతే ఇచ్చేదాన్ని దిద్దుతూ కూర్చుంది. అంకితభావం, తీరని లోటు, ప్రగాఢ సానుభూతి. ఎక్కడా వేలు పెట్టి చూపించే తప్పు లేదు. "ప్రాణం గట్టిదే, బతికాడు. పంపించెయ్," అని మేనేజరు గుమ్మంలోంచి కేకేశాడు. చెయ్యి అలవాటు కొద్దీ బాగా దిద్దినదాన్నే పంపేసింది.

కాసేపటికి అక్క ఫోను.

"ఒసేయ్, మీ బావ ఇక్కడ నీళ్లడిగి తాగుతుంటే, ఎవడో ఫోన్ చేసి మీ ఆయన పోయాడటగా అంటాడేంటే! వాడికెవరు చెప్పారు?"

"విచారిస్తున్నాం," అంది నోరు తనంతట తనే.

"నేనేమన్నా పేపరుదాన్నా?" అని అక్క ఆగిపోయింది. "నువ్వేనా?"

ఆసుపత్రికి వెళ్లింది. అక్క తలెత్తి చూడలేదు. బావ మాత్రం పెదవి కదిపాడు.

"చంపేశావటగా మరదలా. ఏదీ, చదువు."

ఫోన్లో ఉన్నది చదివింది. గొంతు ఎక్కడా వణకలేదు. బావ చివరిదాకా విన్నాడు.

"బాగుంది. మరి వాల్వు సంగతేదీ?"

అంతలో ఆమె చేతిలో ఫోను మోగింది. మేనేజరు.

"కొంప ముంచావు! ఖండన రాశావా?"

"రాస్తున్నాను సార్. ఒక వాక్యం కలపాలి. వాల్వు కారుతోందని ముందే చెప్పినా మనం పట్టించుకోలేదని."

"నీకెవరు చెప్పారు?"

"మనం పొద్దున చంపినాయన సార్."

అవతల ఫోను పెట్టేశారు. ఉద్యోగం ఉందో ఊడిందో తెలియలేదు. భయమూ వేయలేదు, ధైర్యమూ కలగలేదు. మంచం పక్క స్టూలు మీద కూర్చుని, ఆ వాక్యంతోనే ఖండన మొదలుపెట్టి, పొద్దున పంపినవాళ్లందరికీ పంపింది.

"నీళ్లు," అన్నాడు బావ.

అక్క గ్లాసు తీసి, చూపు కలపకుండానే, చెల్లెలి చేతికిచ్చింది.