స్తంభం కింద చెప్పులు

తెల్లవారేసరికి ఆకాశం మణుగూరు వైపు బొగ్గుపట్టి ఉంది. జూలూరుపాడు మీద మాత్రం తోమిన తపేలాలా ఉంది. ఇన్నయ్య అప్పటికే భారతమ్మ ఇంటి ముందు టెలిఫోన్ స్తంభం మీదున్నాడు. కింద అతని చెప్పుల జత. ముప్పైఒక్క ఏళ్లుగా అదే పద్ధతి, చెప్పులు విడిచే ఎక్కుతాడు. స్తంభం కింద ఆ జత కనబడితే చాలు, దారినపోయేవాళ్లు తలెత్తి, "ఇన్నన్నా, మా లైను గూడ జర చూడు" అనేవాళ్లు.

అది రెండువేల తొమ్మిది జూన్ ముప్పై. సాయంత్రం ఐదింటికి అతని లైన్‌మన్ కొలువు అయిపోతుంది. ఫిర్యాదుల పుస్తకంలో ఇన్నేళ్లూ అతను కొట్టెయ్యకుండా వదిలిన ఫిర్యాదు లేదు. ఇదొక్కటి మిగిలింది: భారతమ్మ ఇంట్లో నెట్ రావడం లేదు. ఆమె కూతురు మహిమ నర్సింగ్ పరీక్షకు హాల్‌టికెట్ ఇవాళే తీసుకోవాలి.

నడుముకు వేలాడే టెస్ట్ ఫోను తీగకు తగిలించి విన్నాడు. లైను గుయ్యిమని చక్కగా పలికింది. ఎక్కడైనా ఉడత కొరికిందేమోనని తీగంతా తడిమి దిగాడు. ఇంట్లో మోడెం దీపాలన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. లాప్‌టాప్ కనెక్ట్ అయ్యానంటోంది. పేజీ మాత్రం తెల్లమొహం వేసింది.

మళ్లీ ఎక్కి తీగ మార్చాడు. తెల్లమొహమే. మధ్యాహ్నం దాటాక మూడోసారి ఎక్కుతుంటే భారతమ్మ గడపలో నిలబడి చూసింది.

"ఏందన్నా, పైన ఇంకో సంసారం గిట్ల పెట్టినవా?"

"మా ఇంట్ల ముత్యాలమ్మకు చెప్పకు," అన్నాడు ఇన్నయ్య, పట్టు వదలకుండా.

దిగి చాయ్ తాగుతూ అరుగు మీద కూలబడ్డాడు. పాత సంగతొకటి గుర్తొచ్చింది. ఎక్స్‌చేంజిలో ఆపరేటరును తీసేసి, నేరుగా నంబరు కొట్టే పద్ధతి వచ్చిన ఏడు అది. పెద్దరైతు వెంకటరామారావు రోజూ ఫోనెత్తి, "అమ్మాయ్, మధిర ఇవ్వు" అని అరిచేవాడు. పలికే అమ్మాయి లేదు. లైను పాడైందని నెల్లాళ్లు తిట్టాడు. అప్పుడూ ఇన్నయ్య ఆరుసార్లు స్తంభమెక్కాడు.

చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"బిడ్డా, ఈ డబ్బా నిన్న ఏడుండె?" అన్నాడు మహిమతో, లాప్‌టాప్ చూపిస్తూ.

"మణుగూరుల, మామా. మా అన్న ఆఫీసుల. ఆడ మంచిగనే నడిచింది."

"పేరు కొడితే ఆ పేరుగల్లది ఏడుంటదో ఇది ఎవల్నో ఒకల్ని అడగాలె గద? ఎవల్ని అడుగుతుందో అన్నకు ఫోన్ చేసి అడుగు."

ఫోన్లో అవతల ఆమె అన్న జయరాజ్ నాలుక కరుచుకున్నాడు. పేర్లకు చిరునామాలు చెప్పే యంత్రం ఒకటి వాళ్ల ఆఫీసులో ఉంది. డీఎన్ఎస్ అంటారు. దాని నంబరు తనే చేత్తో ఎక్కించాడు. ఆ ఆఫీసు గోడలు దాటితే అది పలకదు. "ఆ నంబర్ తీసేసి ఆటోమేటిక్ పెట్టు" అన్నాడు.

మహిమ పెట్టింది. హాల్‌టికెట్ మీద ఆమె ఫొటో ముందు జుట్టు, తర్వాత కళ్లు, చాలాసేపటికి ముక్కు, అలా మెల్లగా దిగింది. భారతమ్మ లాప్‌టాప్ ముందే సిలువ గుర్తు వేసుకుంది.

ఆ సంబరంలో ఇన్నయ్య సైకిలెక్కి ఎక్స్‌చేంజికి పోయాడు. పుస్తకంలో రాశాడు: "లైను బాగున్నది. పెట్టె పాత చోటునే అడుగుతున్నది. సరిచేయడమైనది." ఫిర్యాదు కొట్టేసి సంతకం పెట్టాడు. ఇంజినీరు కొత్తగూడెం మీటింగుకు పోయాడు. దండ లేదు, మాట లేదు. టెస్ట్ ఫోను మేకుకు తగిలించి, తాళం వాచ్‌మన్ ధన్‌సింగ్ చేతిలో పెట్టాడు.

"రేపు జల్దీ రా అన్నా," అన్నాడు ధన్‌సింగ్ అలవాటుగా.

"అవ్," అన్నాడు ఇన్నయ్య. అదీ అలవాటే.

ఇంటి ముందు ముత్యాలమ్మ అతని కాళ్లకేసి చూసింది.

"చెప్పులేవి?"

ఇన్నయ్య కూడా తన కాళ్లు చూసుకున్నాడు. కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. ఆమె అన్నం, చుక్కకూర పప్పు వడ్డించి ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ తింటున్నారు. ఒకసారి అతని చెయ్యి నడుము దగ్గర టెస్ట్ ఫోను కోసం తడుముకుంది. ముత్యాలమ్మ చూసి, ఇంకో గరిటె పప్పు వేసింది.

భారతమ్మ ఇంటి ముందు స్తంభం కింద చెప్పుల జత అలాగే ఉంది. దారినపోయేవాళ్లు దాన్ని చూసి, తలెత్తి పైకి చూసి పోతున్నారు.