పెంచలమ్మ వాటా ఎండ

నేను ఒక సోలార్ పలకను. ఇసుక నా పుట్టినిల్లు. దాన్ని కరిగించి, పలచటి బిళ్లలుగా కోసి, అద్దం కింద పరిచి, “పాతికేళ్లు ఎండలో నిలబడినా చెక్కుచెదరదు” అని నా వీపున హామీ అంటించి పంపారు. మనుషులకు అలాంటి హామీ ఎవరూ ఇవ్వరనుకుంటాను. అందుకే కాబోలు నీడ కనబడితే చాలు, పరుగెత్తుతారు.

నన్ను మొదట కొన్నది ఒక కార్యాలయం. మేడ మీద నిలబెట్టారు, రిబ్బను కత్తిరించారు, నా పక్కన నిలబడి ఫోటోలు దిగారు. తీగ కలపడం ఒక్కటే మరిచిపోయారు. కొన్నేళ్లు ఎవరికీ అక్కరలేని ఎండ తాగుతూ అక్కడే పడి ఉన్నాను. చివరకు విరిగిన కుర్చీలతో కలిపి వేలం వేస్తే, నన్నూ నా ముగ్గురు తోడబుట్టినవాళ్లనూ పెంచలమ్మ పాడుకుంది.

పెంచలమ్మ మిట్టవీధిలో దోసెపిండి అమ్ముతుంది. భర్త పోయాక గ్రైండరే ఆమెకు సంసారం. కరెంటు పోయినప్పుడల్లా సగం నలిగిన పప్పు ముందేసుకుని రోటి దగ్గర కూర్చునేది. కుడి భుజం ఆ రోలే తినేసింది. మేం డాబా ఎక్కిన రోజు గ్రైండరు గిర్రున తిరిగేసరికి పైకి పరుగెత్తుకొచ్చి నా నుదుట బొట్టు పెట్టింది. బొట్టు మేర నాకు ఎండ తగ్గింది. అయినా తుడవమని అడగాలనిపించలేదు.

ఆ ఏడే మా మున్సిపాలిటీ ఒక నిబంధన చేసింది. ఎవరి డాబా మీద సోలార్ పలకలున్నా, వాటికి తగిలే ఎండకు అడ్డంగా పొరుగువాళ్లు కొత్త కట్టడం లేపకూడదు. సభ్యులందరూ బల్లలు చరిచారట. ఆ సంతోషం చల్లారకముందే మా పడమటింటి చెన్నకృష్ణయ్య డాబా మీద గది లేపాడు.

ఆయన ఇటుకబట్టీల ఆసామి. ఆ ఏడు బట్టీలో రెండు విడతల పచ్చి ఇటుక తడిసిపోతే, నైరుతి పల్లంగా ఉండటమే కారణమని సిద్ధాంతి తేల్చాడు. బట్టీ వర్షానికి తడిసిందని ఇంట్లో ఎవరూ గుర్తుచేయలేదు. నైరుతి మూల మేడంత గది లేచింది. పొద్దు వాలగానే దాని నీడ నా ఒంటి మీదికి పాకేది. మేం నలుగురం ఒకే తీగకు కట్టుబడ్డవాళ్లం. ఒకరి మీద నీడ పడితే నలుగురమూ చతికిలబడతాం. సరిగ్గా పిండి రుబ్బే వేళకు గ్రైండరు మూలిగి ఆగిపోయేది. పెంచలమ్మ మళ్లీ రోటి దగ్గర కూర్చుంది. పిండి వాడుకదార్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఒకనాడు పైకొచ్చి, చల్లబడిన నా అద్దం మీద చెయ్యి వేసి చూసింది.

తర్వాత పిట్టగోడ దగ్గరికి పోయి పిలిచింది. “అన్నా, నీ గది నా కడుపు మీద పడతా ఉండాది.”

“ఎండేమన్నా నీ బాబు సొత్తా?” అన్నాడు చెన్నకృష్ణయ్య.

“నా బాబుది కాదన్నా. నీ బాబుదీ కాదు గదా!”

ఆమె మున్సిపాలిటీకి పోయి మొరపెట్టుకుంది. తనిఖీ అధికారి ఉదయం పూట వచ్చాడు. నీడ పడమటి వైపు వీధిలో పడి ఉంది. “ఫిర్యాదుదారు డాబాపై నీడ లేదు” అని పైకి చదువుకుంటూ రాసుకున్నాడు. పెంచలమ్మ ఆయన్ను కదలనివ్వలేదు. కుర్చీ వేసి, “కూకోండి సార్, అదే వస్తది” అని అల్లంపచ్చడితో దోసెలు తెచ్చిపెట్టింది. దోసె మీద దోసె తింటుండగా పొద్దు వాలింది, నీడ గోడ దిగి వచ్చింది. అధికారి చెమట తుడుచుకుని కుర్చీని నీడలోకి జరుపుకున్నాడు.

“అబ్బ! చల్లగా ఉందమ్మా. దీన్నా నువ్వు వద్దంటున్నది?”

పక్కింటికి నోటీసు మాత్రం వెళ్లింది. దాంతో చెన్నకృష్ణయ్యకు పట్టుదల పెరిగింది. నోటీసుకు భయపడి గది కూలిస్తే వీధిలో తలెత్తుకోలేనన్నాడు. ఆయన భార్య రమణమ్మ గోడ దగ్గరికొచ్చి, “అక్కా, ఆయన నా మాట ఇనడు, నీ మాట ఇనడు. సిద్ధాంతి మాటొకటే ఇంటాడు” అని గుసగుసలాడింది.

పెంచలమ్మ పిండిగిన్నె చంకన పెట్టుకుని నేరుగా సిద్ధాంతి ఇంటికి పోయిందట. ఈ సంగతి రమణమ్మతో చెప్పుకుంటుంటే విన్నాను.

“సామీ, నైరుతిన ఎత్తుండాల్నా, గదే ఉండాల్నా?”

“ఎత్తే ప్రధానం తల్లీ.”

“ఇనప గొట్టం నిలబెడితే?”

సిద్ధాంతి గిన్నె వైపు చూశాడు. కళ్లు మూసుకున్నాడు. “గొట్టానికి శాస్త్రంలో నిషేధం లేదు. గదికంటే ఎత్తు కూడాను.”

వారం తిరక్కుండా గది కూలింది, గొట్టం లేచింది. “నోటీసుకు జడిసి కాదు, శాస్త్రం కోసం తీసినా” అని చెన్నకృష్ణయ్య కనబడినవాడికల్లా చెప్పాడు. మనిషి ఓడటానికి సిద్ధమే. ఓడినట్టు కనబడని దారొకటి చూపిస్తే చాలు.

గొట్టం నీడ గీతంత సన్నం, గ్రైండరు తిరిగింది. పోయిన వాడుకదార్లు గిన్నెలు పట్టుకుని వచ్చారు. మొదటి గిన్నె రమణమ్మది.

మున్సిపాలిటీ కూడా సంబరపడింది. తన నిబంధన వల్లనే గది కూలిందని చాటుతూ పెద్ద ఫ్లెక్సీ వేయించి, నలుగురికీ కనబడేటట్టు ఆ గొట్టానికీ మా పిట్టగోడకీ కలిపి కట్టించింది. “ప్రతి ఇంటికీ ఎండ – ఇదే మా అండ” అన్న అక్షరాల పక్కన చైర్మన్ గారు చేతులు జోడించి నవ్వుతున్నారు. మధ్యాహ్నానికల్లా ఆ నవ్వు నీడ నా మీద పడింది. గ్రైండరు ఆగింది.

ఈసారి పెంచలమ్మ ఎవరికీ మొరపెట్టుకోలేదు. కత్తిపీట పట్టుకుని పైకొచ్చింది. అప్పటికే అవతల చెన్నకృష్ణయ్య నిచ్చెనెక్కి ఉన్నాడు.

“నన్నడక్కుండా నా గొట్టానికి కడతారా? ఆ కొస నువ్వు కొయ్యి పెంచలమ్మా, ఈ కొస నేను చూసుకుంటా.”

నాకు వయసు మీద పడుతోంది. మునుపటంత చురుకు లేదు. అయినా పిండికి లోటు రానివ్వను. ఆ ఫ్లెక్సీ ఇప్పుడు నా పక్కనే డాబా నేల మీద పరిచి ఉంది. దాని మీద పెంచలమ్మ, రమణమ్మ కలిసి పెట్టిన గుమ్మడికాయ వడియాలు ఎండుతున్నాయి. చైర్మన్ గారు చేతులు జోడించే ఉన్నారు. ఆయన ఎవరి ఎండకూ అడ్డం లేకుండా ఉండటం నేను చూడటం ఇదే మొదలు.