ఎనిమిదో మెట్టు

బాలానగర్ ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఆడవాళ్ళు నల్లా దగ్గర పోట్లాడుకునే తీరు మార్చాలని బాలాత్రిపురసుందరి గారు నిశ్చయించుకున్నది 1974 వేసవిలో. పోట్లాట మాన్పించాలని కాదు, తీరు మార్చాలని. ఆవిడ భర్త విశ్వేశ్వరరావు గారు ఆ ఫ్యాక్టరీకి వెల్ఫేర్ ఆఫీసరు. బొంబాయి నుంచి వచ్చిన పెద్దలకు క్వార్టర్సు చూపిద్దామని ఆయన కారులో తీసుకొచ్చిన వేళకే, భాగ్యమ్మ ఎవరి బిందెనో కాలితో పక్కకు నెట్టి, ఆ బిందె గలామె ఏడు తరాలనూ పేరుపేరునా పలకరిస్తోంది. ఆమె ఏమంటోందని పెద్దల్లో ఒకాయన అడిగాడట. విశ్వేశ్వరరావు గారు క్షణం ఆలోచించి, ఇక్కడి జానపద గీతమండీ అన్నారట.

వారం తిరక్కుండా మహిళా మండలిలో ఇంగ్లీషు క్లాసు మొదలైంది. మంగళవారం, శుక్రవారం, సాయంత్రం నాలుగు నుంచి ఐదు. సుందరి గారు అక్షరాలు చెప్పలేదు, వ్యాకరణం చెప్పలేదు. నాగరికులు ఒకరి మాట ఒకరు ఎలా కాదంటారో అది మాత్రం చెప్పింది. నల్లబల్ల మీద ఎనిమిది మెట్లు గీసి, మెట్టుకొక మాట రాసింది. మొదటిది ‘ఐ సీ యువర్ పాయింట్, బట్’. రెండోది ‘ఐ బెగ్ టు డిఫర్’. మూడోది ‘విత్ డ్యూ రెస్పెక్ట్’. ఆ పైన వరసగా డిఫరెన్స్, డిసగ్రీమెంట్, ఆర్గ్యుమెంట్, క్వారెల్. అన్నిటికన్నా పైన, ఎనిమిదో మెట్టు మీద, ‘డిస్ప్యూట్’.

“మర్యాదస్తులు మూడో మెట్టు దాటరు. పైవి తెలిసుంటే చాలని రాశాను, వాడటానికి కాదు” అంది సుందరి గారు, చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ.

వెనక వరసలో కూర్చున్న వీరలక్ష్మి వాడేవీ వాడనివీ అన్నీ రాసుకుంది. ఆమె తణుకు దగ్గరి పల్లె నుంచి వచ్చిన పిల్ల. ఎనిమిదో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే బడి మానేసింది. మళ్ళీ పెన్సిలు పట్టుకోవడం ఇదే. భర్త సోమేశ్వరరావు స్టోర్సులో గుమాస్తా. రద్దయిన స్టోర్సు ఫారాలు తెచ్చిచ్చాడు. వాటి వెనకవైపు ఆమె ఒక్కో అక్షరాన్నీ ముగ్గు పెట్టినట్టు దిద్దింది.

వీరలక్ష్మికి భయాలెక్కువ. స్టవ్వు పేలుతుందేమోనని భయం, పిల్లకు దగ్గొస్తే అది దగ్గేనా అని భయం. అన్నిటినీ మించినది లారీల రోడ్డు. వాళ్ళ వరసలో గుమ్మం దిగితే రోడ్డే. ఇనుప రేకులు వేసుకుని ఫ్యాక్టరీలకు వెళ్ళే లారీలు ఇళ్ళు అదిరేలా పోతుంటాయి. మొన్న చలికాలంలో ఆమె మూడేళ్ళ కూతురు రాజి ఒక కోడిపెట్ట వెంటపడి రోడ్డెక్కింది. లారీ ఆగింది. ఎంత దగ్గర ఆగిందంటే, రాజి దాని బంపరును చేత్తో తడిమి చూసింది. డ్రైవరు దిగాడు. వీరలక్ష్మి గుమ్మంలో కూలబడి మంచినీళ్ళు అడిగాడు. గ్లాసు చేతులు మారేసరికి నీళ్ళు సగం ఒలికిపోయాయి.

క్వార్టర్సు మొత్తంలో ప్రహరీ గోడా గేటూ ఉన్నది పసిపిల్లల్ని కూర్చోబెట్టే బాలవాడి గదికొక్కదానికే. పొద్దున తొమ్మిదింటికి రాజిని లోపలికి తోసి ఆ గేటుకు తాడు కట్టాక గాని వీరలక్ష్మికి ఊపిరి ఆడేది కాదు.

క్లాసు పెట్టిన నెలకు నల్లా దగ్గర చదువు వినిపించసాగింది.

“అక్కా, ఐ బెగ్ టు డిఫర్. ఈ వంతు నాది” అంది వీరలక్ష్మి ఒకనాడు, భాగ్యమ్మతో.

భాగ్యమ్మది మణికొండ. భర్త నర్సింహ ఫ్యాక్టరీ మిషను షాపులో పని చేస్తాడు. ఆమె క్లాసుకు రాదు. “ఏందే చెల్లె గది?”

“మీ మాట కాదనడానికి అనుమతి ఇప్పించండి అని.”

“కొట్లాడెటందుకు పర్మిషన్ అడుగుతవా? మా మణికొండల ముందుగాల కొట్లాడతరు. ఎందుకు కొట్లాడినమని అటెంక అడుగుతరు.” భాగ్యమ్మ తన బిందె పక్కకు తీసింది. “పట్టుకో తీ. గంత మంచిగ అడిగినంక తిట్టబుద్ధి అయితలేదు.”

ఈ సంగతి సుందరి గారి చెవిన పడింది. క్లాసు గొప్పగా సాగుతోందని ఆవిడకు రుజువు దొరికింది. ఇక దీనికో సొంత చోటు ఉండాలి అనుకుంది. ఆవిడ కన్ను బాలవాడి గది మీద పడింది. అందులో లేడీస్ ఇంగ్లీష్ క్లబ్ పెడతారు, టేబుల్ ఫ్యాను వస్తుంది, కిటికీలకు తెరలు వస్తాయి. పిల్లలంటారా, ఎవరి ఇంటి ముందు వాళ్ళు హాయిగా ఆడుకుంటారు. మంగళవారం క్లాసులో సుందరి గారు ఇదంతా చెప్పి, శుక్రవారం మీటింగులో తీర్మానం అంది.

ఎవరి ఇంటి ముందు వాళ్ళు అన్న మాట వినగానే వీరలక్ష్మికి బంపరు మీద రాజి చెయ్యి కనిపించింది. ఆ మూడు రోజులూ వంటింట్లో, పెరట్లో, పిల్లకు తల దువ్వుతూ, మొదటి మూడు మెట్లూ వల్లె వేసింది. నేర్పిన ఆవిడ దగ్గరే నేర్చిన మాట వాడితే వినక ఏం చేస్తుందనుకుంది.

శుక్రవారం నలుగురిలో లేచి నిలబడింది.

“మేడమ్, ఐ సీ యువర్ పాయింట్, బట్ పిల్లలకి ఇంకో గోడ లేదండి.”

సుందరి గారి ముఖం వెలిగిపోయింది. “విన్నారా అందరూ? ఆ ‘బట్’ దగ్గర ఎంత చక్కగా ఆగిందో.”

“ఐ బెగ్ టు డిఫర్ అండి. మా గుమ్మం దిగితే లారీలు.”

“ఎనిమిదో తరగతి చదివిన పిల్లండీ ఇది. ఏదీ, చప్పట్లు.” అందరూ కొట్టారు.

వీరలక్ష్మి మూడో మెట్టెక్కింది. “విత్ డ్యూ రెస్పెక్ట్, గది ఇవ్వకూడదండి.”

ఈసారి సుందరి గారు లేచి వచ్చి, ఆమె భుజం తట్టి, ముందు వరసలో కూర్చోబెట్టింది.

క్లాసుకు రాని భాగ్యమ్మ మీటింగుకు వచ్చింది. తలుపు దగ్గర నిలబడే అంది: “మేడమ్, గది ఇయ్యం. పోరగాండ్లు లారీల కింద పడితే ఎవలు జిమ్మేదారు?”

“ఇంగ్లీషులో చెప్పు భాగ్యమ్మా. మండలి పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. ఇంగ్లీషులో అన్నదే దాంట్లోకి ఎక్కుతుంది, అది రూలు.”

“సావు గుడ ఇంగ్లీషులనే రావాల్నా?” అని భాగ్యమ్మ వెళ్ళిపోయింది.

ఆ రోజు పుస్తకంలో రెండు వాక్యాలు ఎక్కాయి. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించబడింది. శ్రీమతి వీరలక్ష్మి చక్కటి ఉచ్చారణతో సభ్యులను అలరించింది.

సోమేశ్వరరావు ఇంటికొచ్చేసరికి ఆమె పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. జరిగింది విని ఆయన నెమ్మదిగా అన్నాడు, “నోటిమాటకేం విలువుంటుందే పిచ్చిదానా. కాగితానికి ఉంటుంది. గేటు దగ్గర ఇన్‌వర్డులో లింగమూర్తి కాగితం తీసుకుని ముద్ర కొట్టి నంబరు వేశాడా, ఇక ఎంతటివాడైనా జవాబు రాసి తీరాలి.”

“ఏం రాసినా జవాబిస్తారాండి?”

“ఎందుకివ్వరు? విచారిస్తున్నాం అని ఇస్తారు. పదేళ్ళు విచారిస్తారు.” ఆయన మజ్జిగ పోసుకుని నవ్వాడు. “రెండేళ్ళ కిందట యూనియన్ వాళ్ళు డిస్ప్యూట్ అని రాసిచ్చారు చూడు, దానికి మాత్రం పరుగులు పెట్టారు. ఆ మాట ఇన్‌వర్డులో పడితే గవర్నమెంటు లేబర్ ఆఫీసుకు తెలపాలట. జీపులో ఎవరో వచ్చి మూడు రోజులు పాత ఫైళ్ళన్నీ తిరగేశారు. అప్పట్నుంచి విశ్వేశ్వరరావు గారు ఆ మాట చిత్తుకాగితం మీద కూడా రాయనివ్వరు.”

మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్ళాక వీరలక్ష్మి స్టోర్సు ఫారం తీసి, ఎనిమిదో మెట్టు మీది మాటను ఒక్కో అక్షరం చూసి తెల్లకాగితం మీదికి దించింది. మిగతా ఇంగ్లీషు తనకు వచ్చినంత. బాలవాడి గది గురించి డిస్ప్యూట్ ఉంది. పిల్లలకు వేరే గోడ లేదు. జవాబు ఇవ్వండి. అంతే.

కాగితం పట్టుకుని భాగ్యమ్మ ఇంటికి వెళ్ళింది. అందులో ఏముందో భాగ్యమ్మ రెండుసార్లు చెప్పించుకుంది.

“తిట్టు లేదా ఇండ్ల?”

“లేదక్కా. అన్నిటికన్నా వాళ్ళకి భయమైన మాట ఒకటుంది.”

“మరి జర పెద్దగ రాయకపోయినవ్.”

ఇద్దరూ వరస వరసా తిరిగారు. పద్నాలుగు సంతకాలు వచ్చాయి. సంతకం రానివాళ్ళు పదిహేడు మంది. ముద్రల డబ్బా ఎవరింట్లో ఉంటుంది? పసిపిల్లల కాటుక భరిణెలు తీసి, బొటనవేళ్ళకు రాసుకుని ముద్రలు వేశారు. పదకొండింటికి ఫ్యాక్టరీ గేటు దగ్గర లింగమూర్తి, ఆడవాళ్ళ కాగితమే కదా అని చదవకుండా ముద్ర కొట్టి, నంబరు వేసి, రసీదు చింపి ఇచ్చాడు.

పన్నెండున్నరకు సోమేశ్వరరావు పరుగున ఇంటికొచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. “ఏం రాశావే నువ్వు? ఏం రాశావు?”

“మేడమ్ గారు నేర్పిందేనండి.”

ఆయన కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. అది చూసి వీరలక్ష్మికి ఏడుపొచ్చింది. ఈయన్ని ఎక్కడికో బదిలీ చేసేస్తారు, అంతా నా వల్లే అనుకుంది. కాగితం వెనక్కి తెచ్చేసుకుందామా అని కూడా అనుకుంది. అంతలో రోడ్డు మీద లారీ పోయింది. గూట్లో గ్లాసులు గలగలలాడాయి. ఆమె కళ్ళు తుడుచుకుంది.

నాలుగింటికి విశ్వేశ్వరరావు గారి స్కూటరు గుమ్మం ముందు ఆగింది. వెనక సుందరి గారు. ఈ వరసలోకి ఆవిడ రావడం అదే మొదటిసారి. వాళ్ళ వెనకాలే భాగ్యమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. సోమేశ్వరరావు కుర్చీ వేసి, గోడకు అంటుకుపోయాడు.

“అమ్మా వీరలక్ష్మీ” అన్నారు విశ్వేశ్వరరావు గారు ఎంతో ప్రేమగా. “చాలా బాగా రాశావు. ఈ ఒక్క మాట తీసేసి వేరే కాగితం ఇవ్వు. అదే నంబరు మీద పెట్టిస్తాను. దీని బదులు ‘సజెషన్’ అని రాయి. మంచి మాట.”

“అది మెట్ల మీద లేదండి.”

ఆయన భార్య వంక చూశారు. సుందరి గారు పైకప్పు వంక చూసింది.

“పోనీ, ‘డిఫరెన్స్’.”

“అది నాలుగోదండి. నాలుగు మెట్లు దిగాలి.”

“ఊకెనే ఎట్ల దిగుతది సారూ? మెట్టుకొకటి ఇయ్యాలె” అంది భాగ్యమ్మ గడప మీంచి.

బేరం మొదలైంది. వీరలక్ష్మి చేతులు కొంగులో చుట్టుకుంది. గది పిల్లలకే ఉంటుందంటే ఏడో మెట్టుకు దిగుతానంది. ‘క్వారెల్’ అనే మాట ఆఫీసు ఫైల్లో మోటుగా ఉంటుందని సుందరి గారు గొణిగింది. అయితే గది పిల్లలదేనని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టిస్తే ఆరోదానికి దిగుతానంది. విశ్వేశ్వరరావు గారు జేబురుమాలుతో మెడ తుడుచుకుని సరేనన్నారు.

“గేటుకి తాడు కడుతున్నామండి. ఇనప గడియ కావాలి. అప్పుడు ఐదోది రాస్తాను.”

“పెట్టిస్తాను. ఇంకొక్క మెట్టు దిగమ్మా. ‘డిసగ్రీమెంట్’ కన్నా ‘డిఫరెన్స్’ మెత్తగా ఉంటుంది. పైవాళ్ళు చూస్తారు.”

వీరలక్ష్మి సుందరి గారి వైపు తిరిగింది. “విత్ డ్యూ రెస్పెక్ట్, దిగనండి” అంది.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

“ముందు జవాబు ఇప్పించండి. మీ కాగితం అందాక మా కాగితం ఇస్తాను” అని కూడా అంది.

సోమవారం జవాబు వచ్చింది, టైపు చేసి, కింద సంతకంతో. ఆ సాయంత్రమే కమ్మరి వచ్చి గేటుకు ఇనప గడియ బిగించాడు. ఇంగ్లీషు క్లాసు సుందరి గారి వరండాలోకి మారింది. ఫ్యాను అక్కడే తిరుగుతోంది. నల్లబల్ల మీది మెట్లు ఎవరో తడిగుడ్డతో తుడిచేశారు. మంగళవారం కొత్త పాఠం పెట్టారు, కృతజ్ఞత తెలుపుకునే మాటలు. మొత్తం పన్నెండు. వీరలక్ష్మి వెళ్ళి అవీ రాసుకుంది. ఎనిమిది మెట్ల ఫారం మాత్రం పోపుల పెట్టె కింద దాచింది.

సోమేశ్వరరావును ఎక్కడికీ బదిలీ చేయలేదు. కానీ స్టోర్సులో ఆయన తోటివాళ్ళు ఆయనకు దారి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ మర్యాద ఎందుకో తెలియక ఆయన నెల రోజులు బెంగపడ్డాడు.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి వీరలక్ష్మి రాజిని లోపలికి పంపి గడియ వేసింది. లాగి చూసింది. రెండడుగులు వెళ్ళి మళ్ళీ వచ్చి లాగి చూసింది. రేకుల లారీ ఒకటి దుమ్ము లేపుతూ పోయింది. గోడ అవతల పిల్లల గోల ఆగలేదు.

పక్కన బిందె చంకనెత్తుకున్న భాగ్యమ్మ నిలబడి చూస్తోంది. “పడ్డది తీ, ఇగ ఫికర్ జెయ్యకు” అంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నిట్టూర్చింది. “గా ఒక్క మాటకే గంతగనం భయపడెటోల్లు అయితే, ఇన్నేండ్ల సంది నల్లా కాడ నా గొంతు పాడు జేస్కున్న గద చెల్లె. మల్ల చెప్పు, ఏమన్నవ్ దాన్ని?”

వీరలక్ష్మి చెప్పింది. భాగ్యమ్మ దాన్ని నోట్లో రెండుసార్లు తిప్పుకుంటూ, బిందె సర్దుకుని నల్లా వైపు నడిచింది. అక్కడ అప్పటికే ఎవరో ఆమె వంతులో బిందె పెట్టి ఉన్నారు.