నా చేతి పళ్ళు

మా ఓనర్‌ని చాటున ఇకిలింపు అంటాం. కట్టుడు పళ్ళ లాబ్ పెట్టాడు కాబట్టి ఎప్పుడూ పళ్ళు బయటపెట్టుకుని తిరగాలనుకుంటాడు కాబోలు. డాక్టర్లు పంపే నోటి అచ్చుల మీద మైనం పరిచి, అందులో పళ్ళు పేర్చడం నా పని. తర్వాత మైనం తీసేసి పొడీ, మందూ కలిపి చిగుళ్ళు పోస్తాం. ఆ మందు ఘాటు ఒకసారి గొంతులో దిగిందంటే రోజంతా వదలదు. నేను కూర్చునే వెనక గదికున్న ఒక్కగానొక్క కిటికీని మా మహానుభావుడు మేకులు కొట్టించి మూయించాడు. వేరే లాబ్‌ల వాళ్ళు తొంగిచూసి మన పనితనం ఎత్తుకుపోతారట. ఏం తెలివండీ, దిష్టి తీయాలి.

ఆ గదిలో దగ్గి దగ్గి నా ప్రాణం కళ్ళలోకి వస్తోంది. గాలి ఆడే చోట పని చూసుకో, లేదంటే ఈ పనే మానుకో అని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. మానేస్తే ఇల్లెలా గడుస్తుంది? మా ఆయన నడుం విరగ్గొట్టుకుని మంచం దిగలేకపోతున్నాడు. పోనీ గాలి లాగేసే ఫ్యానైనా పెట్టించమని ఇకిలింపుని అడిగితే, చూద్దాంలేమ్మా అన్నాడు. చూస్తూనే ఉన్నాడు పాపం.

వేరే ఉద్యోగం వెతుక్కోవాలంటే మూడో కంటికి తెలియకూడదు. పాలిష్ పట్టే పెద్దాయన ఇంకో చోట వాకబు చేశాడని తెలిసిన పూటే ఇకిలింపు ఆయన్ని బయటికి గెంటాడు. గెంటి ఊరుకున్నాడా? తెలిసిన లాబ్‌లన్నిటికీ ఫోన్లు చేసి, చేతివాటం మనిషని చెప్పాడు. నిప్పులాంటి మనిషి ఇప్పుడు ఎవరి గేటో కాపలా కాస్తున్నాడు.

అందుకని పంటి నొప్పి అని సెలవడిగాను. పొద్దస్తమానం పళ్ళ మధ్య బతికేదానికి అంతకంటే మంచి అబద్ధం తట్టలేదు. మొత్తం పీకించేసుకోమ్మా, సెట్టు మనమే కట్టేద్దాం అని తన జోకుకి తనే నవ్వుకుని సెలవిచ్చాడు.

ఊరికి ఆ చివరనున్న పెద్ద లాబ్‌కి వెళ్ళాను. బారుగా కిటికీలు, ప్రతి బల్ల పక్కనా ఘాటు లాగేసే గొట్టం. ఆ గాలి పీల్చగానే ఇక్కడే ఉండిపోవాలనిపించింది. ఓనరు మెడలో టై కట్టుకుని, మాట్లాడేటప్పుడల్లా దాన్ని నిమురుకుంటున్నాడు. ఒక అచ్చు ఇచ్చి పళ్ళు పేర్చి చూపించమన్నాడు.

మా పనిలో ఎవరి చేయి వాళ్ళదే. పైవరస ముందు పళ్ళలో ఒకదాన్ని నేను పక్కపంటి మీదికి పిసరంత వాలుస్తాను. బతికున్న మనిషి నోట్లో పళ్ళు కవాతుకి నిలబడినట్టు ఉండవు కదా. అది చూస్తే ఎవరి పనో తెలిసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. ఈ టై ఆయన పట్టేసి ఇకిలింపుకి ఫోన్ కొడితే నా పని గోవిందా. ఆ భయంతో నా చేతిని నేనే దాచుకుని, గోడ కట్టినట్టు తిన్నగా పేర్చి ఇచ్చాను.

టై ఆయన మొహం చిట్లించాడు. ఇవి షాపు బొమ్మకి పెట్టే పళ్ళన్నాడు. పనితనమంటే ఏంటో చూడమని అద్దాల బీరువాలోంచి ఒక సెట్టు తీసి నా ముందు పెట్టాడు. తమ సీనియర్లు చేసిన స్పెషల్ వర్కట.

ముందు పన్ను పక్కదాని మీదికి పిసరంత వాలి ఉంది.

ఒళ్ళు భగ్గుమంది. పొరుగూరి డాక్టరుకని ఇకిలింపు నాతో ఆదరాబాదరాగా చేయించే సెట్లు ఎక్కడికి పోతున్నాయో అప్పుడర్థమైంది. ఎవరు తొంగిచూస్తారని నా కిటికీకి మేకులు కొట్టాడో, వాళ్ళకే నా పని దొడ్డిదారిన అమ్ముకుంటున్నాడు. సిగ్గులేని జన్మ.

ఇంక దాచడమెందుకు? మళ్ళీ దీపం వెలిగించి, మైనం కరిగించి, నా పద్ధతిలో పేర్చి ఆ సెట్టు పక్కన పెట్టాను. టై ఆయన రెండిటినీ మార్చి మార్చి చూశాడు. ఎక్కడ పనిచేస్తున్నావని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంత కళ్ళారా చూశాక ఉద్యోగం ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను, పిచ్చిదాన్ని.

"మరి నిన్నెందుకమ్మా తీసుకోవడం?" అన్నాడు టై నిమురుకుంటూ. "నీ పని ఎలాగూ నాకే వస్తోంది కదా."

"ఆ గదిలో ఊపిరాడట్లేదండీ. ఉన్న ఒక్క కిటికీకీ మేకులు కొట్టేశారు."

"అందుకే కదమ్మా మీవాడు అంత చవగ్గా ఇస్తున్నాడు."

తప్పు మాట్లాడానన్న బాధ ఆ మొహంలో వెతికినా లేదు. పైపెచ్చు నాకు ధైర్యం చెప్పాడు. ఇలా వచ్చానని మా ఓనర్‌కి పొరపాటున కూడా చెప్పడట, నన్ను తీసేస్తే నష్టం తనకేనట. ఇప్పుడు పేర్చిన సెట్టు బాగా కుదిరింది, ఇక్కడే వదిలేసి వెళ్ళమ్మా అని చేయి చాచాడు.

మైనం ఇంకా వెచ్చగానే ఉంది. పిడికిట్లో పెట్టి నలిపేశాను. పళ్ళు ఒక్కొక్కటే ఊడి ఆయన బల్ల మీద రాలాయి.

"కావాలంటే మా వాడికి ఆర్డరు పెట్టుకోండి" అన్నాను.

మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది. రేపు పొద్దున ఆ ఆర్డరు నా బల్ల మీదికే వస్తుంది.