పైకి చెప్పుకుంటే

"కాలరు... భుజం... చెయ్యి... ఇప్పుడు గుండీల పట్టీ" అంటూ ఇస్త్రీపెట్టె నడుపుతున్నాడతను. పైకి చెప్పుకోకపోతే పని మధ్యలో జారిపోతుంది. ఒకే చెయ్యి రెండుసార్లు తోమి, వీపు మరిచిపోతాడు. లాండ్రీలో అందరూ అతన్ని రేడియో అంటారు. "రేడియో, కాస్త పాటలు పెట్టవయ్యా!" అని బట్టలు మడిచే ఆవిడ రోజూ ఆట పట్టిస్తుంది, అతను రోజూ నవ్వుతాడు.

ఆవేళ నవ్వలేదు. కూతురికి పరీక్ష. ఇది తప్పితే బడిలో ఉంచుకోలేమని ముందే చెప్పేశారు.

పిల్ల ఒంటి మీద పుట్టుకతోనే టీ రంగు మచ్చలు. అతని ఒంటి మీదా అవే, వాటికి తోడు మెడ నిండా మెత్తటి బుడిపెలు. ఈ జబ్బు మీ నుంచే వచ్చిందని డాక్టరు మెల్లగా చెప్పాడు. ధ్యాస నిలవకపోవడం, చదువు అందకపోవడం కూడా దాని వల్లేనట, బద్ధకం కాదట. ఆ ఒక్క మాటతో చిన్నప్పుడు బడిలో తిన్న దెబ్బలన్నీ ఊరికే తిన్నట్టయింది. జబ్బు ఇచ్చినవాడు మందు ఎక్కణ్ణుంచి తెస్తాడు? తనకున్న ఒక్క ఉపాయమూ పిల్లకిచ్చాడు. "లోపల అనుకుంటే పారిపోతుందిరా బుజ్జీ. నోటితో అను." అలా అనుకుంటూ ఇంట్లో లెక్కలన్నీ చేసేసింది. అతనికి ఏనుగెక్కినంత సంబరమైంది.

మధ్యాహ్నం బడి నుంచి కబురొచ్చింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి బడికి పరుగెత్తాడు.

"పరీక్షలో పైకి మాట్లాడుతూనే ఉందండీ. పక్క పిల్లలకి ఇబ్బంది కదా, నోరు మూసుకోమన్నాం" అంది హెడ్మిస్ట్రెస్. "మూసుకుంది. ఇక పెన్సిలు కదిలితే ఒట్టు. రెండు లెక్కలే చేసింది."

"ఆ రెండూ...?"

"కరెక్టే."

"నేనే అలా నేర్పానమ్మా. వేరే గదిలో కూర్చోబెట్టి చూడండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"మీ బాధ నాకు తెలుసండీ. ఒక్క పిల్ల కోసం ఇంకో టీచర్ని ఎక్కణ్ణుంచి తేను? ఇంటికి తీసుకెళ్లండి."

ఆవిడ చెడ్డది కాదు. చెడ్డదైతే తిట్టుకోనైనా తిట్టుకునేవాడు.

తరగతిలో పిల్ల పెదవులు బిగించుకుని కూర్చుని ఉంది. "వెళ్దాం రా తల్లీ. ఇప్పుడు గట్టిగా అనుకోవచ్చు, ఎవరూ ఏమనరు" అన్నాడు. పెదవులు విడలేదు. ఏమేం సర్దుకోవాలో ఆవేళ పైకి చెప్పుకోలేదు. చేతికందిన పుస్తకాలు సంచీలో కుక్కుకుని, అతని వేలు పట్టుకుని, గేటు దాటి వెళ్లిపోయింది.

కిటికీ పక్క బల్ల మీద ఆమె నీళ్ల సీసా ఉండిపోయింది, మూత తీసి పక్కన పెట్టినట్టే ఉంది.